ఉత్తరములోని లింకు తెరచుకొనకున్నచో

జ్వరమని చెప్పి వచ్చిన రోగికి నాడి చూడకయే మందు వ్రాసిచ్చు హకీమును ఎవరును నమ్మరు. జ్వరము లక్షణమే గాని వ్యాధి కాదు. ‘ఈమెయిలులో లింకు తెరచుకొనుట లేదు’ అను ఫిర్యాదు కూడ అట్టిదియే. ప్రవేశముల కాలమునందును, ఉపకారవేతనముల దరఖాస్తుల కాలమునందును, పరీక్ష ఫీజు గడువు సమీపించినప్పుడును మా కంప్యూటరు ప్రయోగశాల గుమ్మము వద్ద ఈ మాట దినమునకు పదిమారులైనను వినబడును. విన్నవారు వెంటనే చెప్పు మందు కూడ ఒక్కటే: ‘కంప్యూటరు ఆపి మరల పెట్టుము.’ ఒక్కొక్కప్పుడు ఆ మందు పనిచేయును. పనిచేయనప్పుడు ఏమి చేయవలెనో విచారించుటకే ఈ వ్యాసము.

దీనిని వ్రాయుటకు కారణమైన సంగతి ఒకటి మొదట చెప్పవలసియున్నది. రెండేండ్ల క్రిందట ఉపకారవేతనముల కాలములో పదకొండుగురు విద్యార్థులు సంతకములు చేసి కళాశాల కార్యవర్గమునకు ఒక అర్జీ ఇచ్చిరి. ప్రయోగశాల సహాయకుడు కంప్యూటర్లలో ఏవో నిర్బంధములు పెట్టినాడనియు, అందువలన తమకు వచ్చిన ఉత్తరములలోని లింకులు తెరచుకొనుట లేదనియు, గడువు దాటిపోవు ప్రమాదమున్నదనియు దాని సారాంశము. వారు అబద్ధమాడలేదు. లింకును నొక్కినప్పుడెల్ల తెరమీద ఆంగ్లములో ఒక చిన్న పెట్టె కనబడి, ‘ఈ కంప్యూటరు మీద అమలులోనున్న నిర్బంధముల కారణముగా ఈ పని రద్దయినది, మీ నిర్వాహకుని సంప్రదింపుడు’ అను భావముగల మాటలు చూపుచుండెను. నిర్వాహకుడన్న మాట చదివినవారు సహాయకుని వైపు చూచుట సహజము. ఆయన తాత్కాలికోద్యోగి. ఆ నెలలోనే ఆయన కొలువు పొడిగింపు కాగితము కార్యవర్గము ముందున్నది. తానేమియు చేయలేదని ఆయన చెప్పెను. చేయలేదని నిరూపించుట ఎట్లో ఆయనకును తెలియదు, మాకును వెంటనే తోచలేదు.

సంగతి తేలిన విధము తరువాత చెప్పెదము. లింకును నొక్కినప్పుడు లోపల ఏమి జరుగునో తెలిసినగాని అది బోధపడదు.

ఉత్తరములు చదివించు ప్రోగ్రాము వేరు, వెబ్ పుటలు చూపు బ్రౌజరు వేరు. ఉత్తరములోని లింకును మనము నొక్కగానే మెయిలు ప్రోగ్రాము ఆ పుటను సాధారణముగా తాను తెరువదు. లింకులోని చిరునామాను తీసి ఆపరేటింగ్ సిస్టము చేతికిచ్చి, తన పని అయినదనుకొనును. సిస్టము ఆ చిరునామా మొదటి ముక్కను, అనగా ‘హెచ్‌టిటిపిఎస్’ అనుదానిని, చూచును. ఇది చిరునామాకు ఇంటిపేరు వంటిది. ఈ ఇంటిపేరు గలవానిని ఎవరికి అప్పగింపవలెనో సిస్టము తన రిజిస్టరులో వెదకి, అక్కడ నమోదైయున్న బ్రౌజరును లేపి, చిరునామాను దాని చేతిలో పెట్టును. బ్రౌజరు అప్పుడు ఆ పేరుగల సర్వరు ఎక్కడ ఉన్నదో డిఎన్‌ఎస్ అను పేర్ల పట్టికను అడిగి తెలిసికొని, ఆ సర్వరు చూపిన ధ్రువపత్రమును పరిశీలించి, పిదప పుటను తెచ్చి మన ముందుంచును. వెనుకటి కాలమున తపాలా సంచి అంచె నుండి అంచెకు చేతులు మారినట్లే, మనము ఒక్కమారు నొక్కిన లింకు నాలుగైదు చేతులు మారును. ఏ చేయి జారవిడిచినను మన కంటికి కనబడునది ఒక్కటే: పుట రాలేదు.

ఇంకొక మాట కూడ ఇచ్చట చెప్పుట అవసరము. వెబ్ కంటె ఈమెయిలు వయసున పెద్దది. రే టామ్లిన్సన్ ఆర్పానెట్ మీద ఒక యంత్రము నుండి మరియొక యంత్రమునకు ఉత్తరము పంపి, మనిషి పేరునకును యంత్రము పేరునకును నడుమ @ గుర్తు నుంచినది 1971లో. టిమ్ బెర్నర్స్-లీ సెర్న్ పరిశోధనాసంస్థలో వెబ్‌ను గూర్చిన ప్రతిపాదన వ్రాసినది 1989లో. మన దేశమున సామాన్య జనులకు ఇంటర్నెట్టు సౌకర్యము 1995 ఆగస్టు 15న విదేశ్ సంచార్ నిగమ్ ద్వారా ఆరంభమైనది. అనగా ఈమెయిలు పుట్టిన పదునెనిమిదేండ్ల తరువాత వెబ్ లింకు అను భావన పుట్టినది. చిన్న చిన్న పంక్తులలో ఆంగ్లాక్షరములు మోయుటకు ఏర్పడిన బండిమీద తరువాతి కాలమున పొడవైన చిరునామాలను, తెలుగును, ఉర్దూను, బొమ్మలను ఎక్కించిరి. 1992లో వచ్చిన మైమ్ అను ప్రమాణము ఆ బండికి కొత్త చక్రములు వేసినది. అయినను పాత ఇరుసు చప్పుడు నేటికిని అప్పుడప్పుడు వినబడుచునే యున్నది.

ఇక నాడి చూచు విధానము. మా అనుభవములో ఒక్క పరీక్ష సగము సందేహమును తీర్చును. లింకును నొక్కుటకు బదులు, దానిపై మౌస్ కుడి బొత్తాము నొక్కి, చిరునామాను కాపీ చేయు ఆదేశమును ఎన్నుకొని, బ్రౌజరును మనమే తెరచి, పైనున్న చిరునామా పట్టీలో అతికించవలెను. ఫోనులో నయినచో లింకును కొంతసేపు అదిమిపట్టిన ఈ ఆదేశము కనబడును. కంటికి కనబడు అక్షరములను మాత్రము వ్రేలితో గీచి కాపీ చేయరాదు. ఏలయనగా పైకి కనబడు మాటలు వేరు, అడుగున దాగియున్న చిరునామా వేరు కావచ్చును. ఇట్లు అతికించినప్పుడు పుట వచ్చినచో చిరునామా నిర్దోషి. అప్పగింతలోనే ఎక్కడనో లోపమున్నది. పుట రానిచో మెయిలు ప్రోగ్రామును, సిస్టమును నిందించి ప్రయోజనము లేదు. చిరునామాయో, సర్వరో, నెట్ సంబంధమో చెడినది. అదే బ్రౌజరులో మరియొక పుట తెరచి చూచినచో నెట్ సంగతి కూడ తేలును. ఈ పరీక్షకు అర నిమిషము పట్టదు. అయినను వంద మందిలో ఒక్కరైనను దీనిని చేసి మా వద్దకు రారు.

అర్జీ వచ్చిన మరునాడు, శుక్రవారము జుమా తరువాత ప్రయోగశాల తెరచినప్పుడు, మేము ఈ పరీక్షనే చేసితిమి. చిరునామాను అతికించగానే పుట చక్కగా వచ్చినది. నిర్బంధమన్నది నిజమైనచో అది రాకూడదు గదా! కనుక దోషము అప్పగింతలోనే యున్నదని తేలినది. వెదకగా వెదకగా సిగ్గుపడవలసిన సత్యము బయటపడెను. వేసవి సెలవులలో డిస్కులో చోటు చాలుట లేదని ఆ కంప్యూటర్లనుండి ఒక బ్రౌజరును తొలగించినది మేమే. అది వెళ్లిపోయినది గాని సిస్టము రిజిస్టరులో హెచ్‌టిఎమ్‌ఎల్ పుటలను తెరువవలసిన బాధ్యత దాని పేరిటనే మిగిలిపోయినది. మెయిలు ప్రోగ్రాము అడుగుట, సిస్టము ఇల్లు విడిచిపోయినవాని తలుపు తట్టుట, జవాబు రాకపోవుట: ఇదియే జరిగినది. ఆ స్థితికి ‘నిర్బంధము’ అని పేరు పెట్టి, ‘నిర్వాహకుని సంప్రదింపుడు’ అని చెప్పిన సందేశము మాత్రము అమాయకుని మీదికి వ్రేలు చూపినది. యంత్రము చెప్పిన కారణమును సాక్ష్యముగా స్వీకరించుటకు ముందు దానిని పరీక్షించవలెనని మేము నేర్చుకొనుటకు ఒక మనిషి జీతము పణముగా పెట్టవలసి వచ్చినది. మేము ఒక పుట నివేదిక వ్రాసి, తప్పు మాదియని ఒప్పుకొని, కార్యవర్గమునకు సమర్పించితిమి. సహాయకుని కొలువు పొడిగింపబడినది. అర్జీ మీద సంతకములు చేసినవారిలో నలుగురు స్వయముగా వచ్చి ఆయనతో మాటాడిరి.

ఇట్టి దోషమునకు మందు కష్టమైనది కాదు. విండోస్ 10లోను, 11లోను ‘సెట్టింగ్స్’ తెరచి ‘యాప్స్’, అందులో ‘డిఫాల్ట్ యాప్స్’ అను చోటికి పోయి, ఇప్పుడు కంప్యూటరులో నిజముగా ఉన్న బ్రౌజరును మరల నియమింపవలెను. 2021లో విండోస్ 11 వచ్చిన కొత్తలో ఒక్కొక్క రకపు ఫైలుకు, ఒక్కొక్క ఇంటిపేరుకు విడివిడిగా నియామకము చేయవలసి యుండెను. 2022లో అన్నిటికి కలిపి ఒకే బొత్తాము చేర్చబడినది. అయినను హెచ్‌టిటిపి, హెచ్‌టిటిపిఎస్, హెచ్‌టిఎమ్, హెచ్‌టిఎమ్‌ఎల్ అను నాలుగింటికిని ఒకే బ్రౌజరు నియమింపబడినదా యని చూచుకొనుట మేలు. దీనితో కుదరనిచో, తొలగించిన బ్రౌజరును మరల స్థాపించి, దానినే నియమించి, పిదప బాధ్యతను రెండవ బ్రౌజరుకు మార్చి, అప్పుడు మొదటిదానిని తొలగింపవలెను. కొలువు విడుచువాడు తాళపుచెవులు అప్పగించి పోవుట వంటిదిది. రిజిస్టరును చేతితో దిద్దు మార్గము కూడ కలదు గాని, అభ్యాసము లేనివారు దాని జోలికి పోరాదు; ఒక్క పంక్తి పొరపాటైనచో లింకులే కాక మరికొన్ని కూడ నిలిచిపోవచ్చును.

లింకు తెరచుకొనుటయు, మనము కోరిన బ్రౌజరులో గాక వేరొకదానిలో తెరచుకొనుటయు కూడ కలదు. 2023లో మైక్రోసాఫ్ట్ సంస్థ విండోస్ మీది ఔట్‌లుక్ ప్రోగ్రాములోని లింకులు, వాడుకరి నియమించిన బ్రౌజరు ఏదైనను, ఎడ్జ్ బ్రౌజరులో తెరచుకొను ఏర్పాటు చేసెను. దానిని మార్చుకొను ఎంపిక ఔట్‌లుక్‌లోనే ‘ఫైల్’, ‘ఆప్షన్స్’, ‘అడ్వాన్స్‌డ్’ అను వరుసలో కలదు. ఇది చిన్న విషయముగా తోచవచ్చును. కాని ఒక బ్రౌజరులో లాగిన్ అయి కూర్చున్న విద్యార్థికి లింకు మరియొక బ్రౌజరులో తెరచుకొన్నప్పుడు ఆ సైటు అతనిని ఎరుగనట్లు మరల పాస్‌వర్డ్ అడుగును. అతడు లింకు చెడినదని అనుకొనును. బ్రౌజరు బ్రౌజరుకు కుకీల సంచి వేరు. ఒకదానిలోని గుర్తింపు రెండవదానికి తెలియదు.

బ్రౌజరులోనే ఉత్తరములు చదువువారికి ఈ అప్పగింతల బెడద లేదు. వారికి ఎదురగు అడ్డంకి సాధారణముగా ప్రకటనలను ఆపు ఉపకరణము. అనేక సంస్థలు పంపు ఉత్తరములలోని లింకులు, ఎవరెవరు నొక్కిరో లెక్కించుటకై, మొదట ఒక లెక్కల సర్వరుకు పోయి అక్కడినుండి అసలు పుటకు మళ్లును. ప్రకటనలను ఆపు ఉపకరణము ఆ లెక్కల సర్వరును చూచి దారి మూసివేయును. ఉపకరణమును ఒక్క క్షణము నిలిపి చూచినచో సంగతి తేలిపోవును. లినక్స్ వాడువారు ఎక్స్‌డిజి-సెట్టింగ్స్ అను ఆదేశముతో తమ నియమిత బ్రౌజరు ఏదో తెలిసికొనవచ్చును.

ఇప్పుడు చిరునామాలోని దోషములకు వత్తము. మా కళాశాల వంటి చోట అత్యంత ఆసక్తికరమైన భాగమిదియే. ఏలయనగా ఇచ్చట ఉత్తరములు రెండు లిపులలో నడచును, ఒకటి ఎడమనుండి కుడికి, మరియొకటి కుడినుండి ఎడమకు.

ఈమెయిలు ప్రమాణము ప్రకారము ఉత్తరములో ఒక పంక్తి 78 అక్షరములకు మించకుండుట మంచిది, 998కి మించనే కూడదు. సాదా అక్షరములలో ఉత్తరము పంపినప్పుడు పొడవైన చిరునామా పంక్తి చివర విరిగి రెండవ పంక్తిలోనికి జారవచ్చును. ఒకరినుండి ఒకరికి మరల మరల పంపబడిన ఉత్తరములలో ఇది తరచుగా జరుగును. అప్పుడు మొదటి పంక్తిలోని ముక్క మాత్రమే నీలిరంగుతో లింకుగా కనబడును, మిగిలినది మామూలు అక్షరములుగా నుండును. నొక్కినచో సగము చిరునామాకు పోయి, ‘పుట కనబడలేదు’ అను జవాబుతో తిరిగి వచ్చును. రెండు ముక్కలను నడుమ ఖాళీ లేకుండ కలిపి చిరునామా పట్టీలో అతికించుటయే దీనికి మందు. పంపువారు చిరునామాను < > అను కోణపు కుండలీకరణములలో ఉంచినచో, అది విరిగినను ఎక్కడ ముగిసినదో చదువువారికి తెలియును. 2005 నాటి చిరునామాల ప్రమాణపత్రము చేసిన సూచన కూడ ఇదియే.

తెలుగు పేరుగల ఫైలు లింకులో ఉన్నప్పుడు పంక్తి ఎంత త్వరగా నిండునో లెక్క వేసి చూచితిమి. యూనికోడు అక్షరములను వెబ్ చిరునామాలో పంపుటకు యుటిఎఫ్-8 పద్ధతిలో బైట్లుగా విడగొట్టి, ప్రతి బైటును శాతము గుర్తు, రెండు సంకేతాక్షరములు, వెరసి మూడు గుర్తులుగా వ్రాయుదురు. తెలుగున ప్రతి అక్షరమునకు, ప్రతి గుణింతపు గుర్తునకు, పొల్లునకు కూడ మూడు బైట్లు చొప్పున పట్టును. ఉర్దూ అక్షరమునకు రెండు బైట్లు చాలును. కనుక ‘తెలుగు’ అను మూడక్షరముల మాట, మూడు హల్లులు, మూడు గుణింతపు గుర్తులు కలిసి ఆరు సంకేతములై, 18 బైట్లై, చిరునామాలో 54 గుర్తులగును. ఉర్దూ లిపిలో ‘ఉర్దూ’ అను మాట అలిఫ్, రే, దాల్, వావ్ అను నాలుగక్షరములే కనుక 24 గుర్తులతో ముగియును. మా కార్యాలయము ఒకప్పుడు ‘పరీక్ష ఫలితాలు’ అను పేరిట ఒక ఫైలు పెట్టి దాని లింకును అందరికి పంపినది. ఆ రెండు మాటలు, నడిమి ఖాళీతో సహా, 120 గుర్తులు. సైటు పేరు కలుపకముందే 78 దాటిపోయినది. ఆ లింకు సగము మందికి తెరచుకొని సగము మందికి తెరచుకొనకపోవుటకు కారణము వారివారి మెయిలు ప్రోగ్రాములు పంక్తిని విరుచు విధములోని భేదమే గాని వారి అదృష్టము కాదు.

ఫైళ్లకు తెలుగు పేరు, ఉర్దూ పేరు పెట్టుటయే తప్పని మేము చెప్పము. ప్రమాణములు దానిని అంగీకరించును, నేటి బ్రౌజర్లు చక్కగా చూపును. ‘భారత్’ అను చివరి పేరును తెలుగు లిపిలోను, ఉర్దూ లిపిలోను సైట్లకు పెట్టుకొను ఏర్పాటు కూడ మన దేశమునకు కలదు. నడుమనున్న పాత ప్రోగ్రాములే వెనుకబడియున్నవి. అయినను గడువుతో ముడిపడిన ఉత్తరములో పంతమునకు పోరాదని మా అభిప్రాయము. లోపలి పత్రము మాతృభాషలో ఉండనిండు. దానికి పోవు దారికి మాత్రము ఐదారు ఆంగ్లాక్షరములు, అంకెలు గల పొట్టి పేరు పెట్టుడు. మనస్సునకు కొంత కష్టముగానే యున్నను ఈ మాట వ్రాయుచున్నాము.

తెలుగునకు ప్రత్యేకమైన చిక్కు ఇంకొకటి కలదు. మన భాషలో విభక్తులు మాటకు అతుకుకొనును. ‘ఈ లింకులో’ అని వ్రాసినట్లే చిరునామా వ్రాసి దాని వెంటనే ఖాళీ విడువక ‘లో’ అనియో ‘కు’ అనియో చేర్చువారు అనేకులు. మెయిలు ప్రోగ్రామునకు విభక్తి తెలియదు. చిరునామాలో తెలుగక్షరములు ఉండవచ్చునని మాత్రము దానికి తెలియును. అందుచే ‘లో’ను కూడ చిరునామాలో కలిపివేయును. సర్వరునకు అట్టి పుట లేదు. ఉర్దూ ఉత్తరములలో ఈ పనిని ఖత్మా చేయును. ఉర్దూ వాక్యము చివర పెట్టు ఆ చిన్న అడ్డగీత, ఆంగ్లపు చుక్క వంటిదే యైనను, కొన్ని ప్రోగ్రాములు చివరి చుక్కను విడిచిపెట్టుటకు నేర్చినవి గాని ఖత్మాను గుర్తింపనేరవు. పట్టీలో చిరునామా కొసను చూచి, అంటుకొనియున్న విభక్తినో ఖత్మానో చెరిపివేసినచో పుట వెంటనే వచ్చును.

ఉర్దూ వాక్యము నడుమ చిరునామా వచ్చినప్పుడు మరియొక వింత జరుగును. వాక్యము కుడినుండి ఎడమకు, చిరునామా ఎడమనుండి కుడికి పోవుటచే, ముఖ్యముగా చిరునామాలోనే ఉర్దూ మాటలు కూడ ఉన్నప్పుడు, గీతలు, చుక్కలు, ముక్కలు తారుమారైనట్లు తెరమీద కనబడును. లోపల నిలువయున్న క్రమము మాత్రము చెడదు. కనుక దానిని చూచి చేతితో టైపు చేయువారు తప్పుదురు. ఆదేశముతో కాపీ చేసినవారు తప్పరు. అట్లే తెలుగు పొల్లక్షరముల నడుమ వాడు కంటికి కనబడని విభజక గుర్తు ఒకటి కలదు. కాపీ చేయునప్పుడు అది చిరునామాలో దూరినచో చూచుటకు రెండు చిరునామాలు ఒక్కటిగానే యుండును, ఒకటి పనిచేయును, మరియొకటి పనిచేయదు. అట్టి తావున కాపీ చేయక మొత్తము శుభ్రముగా టైపు చేయుటయే మార్గము.

చిరునామా సరియైనది, అప్పగింత సరియైనది, అయినను పుట ‘చెల్లదు’ అనవచ్చును. గత సంవత్సరము మా వద్దకు వచ్చిన ద్వితీయ సంవత్సరపు విద్యార్థిని కథ ఇట్టిది. ఆమెకు ఉపకారవేతనపు దరఖాస్తు గడువు మరునాటితో ముగియును. ఆ డబ్బు రాకున్నచో ఆ యేడు చదువు ఆగునని ఇంట చెప్పియుండిరి. ఉత్తరము ఆమె అన్నగారి చిరునామాకు వచ్చి, ఆయన దానిని ఈమెకు పంపగా, లింకు రెండు పంక్తులుగా విరిగినది. దానిని కలిపితిమి. పుట వచ్చి, ఈ లింకు కాలము తీరినదని చెప్పెను. ధ్రువీకరణ లింకులకు కొన్ని గంటల ఆయువే యుండును. అనేకము ఒక్కమారు మాత్రమే పనిచేయును. ఒక్కొక్క సంస్థలో ఉత్తరములను పరీక్షించు రక్షణ ప్రోగ్రాము మనకంటె ముందు తానే ఆ లింకును తెరచి చూచి, ఆ ఒక్క అవకాశమును ఖర్చుచేయుట కూడ కలదు. కొత్త లింకు కొరకు అభ్యర్థన పంపితిమి. అది వచ్చినది గాని ఆమె ఫోనులో నొక్కగా మెయిలు యాప్ లోపలనే ఒక చిన్న కిటికీ తెరచుకొని, మరల లాగిన్ కమ్మని అడిగి, అక్కడనే నిలిచిపోయినది. ఆ కిటికీ పూర్తి బ్రౌజరు కాదు. జీమెయిలు వంటి యాప్‌లలో వెబ్ లింకులను తమలోనే తెరచు ఏర్పాటు ఉండును. సెట్టింగులలో దానిని ఆపివేసినచో లింకు ఫోనులో నియమింపబడిన బ్రౌజరునకు పోవును. ఐఫోనులలో మనకు నచ్చిన బ్రౌజరును నియమించుకొను వీలు 2020లో వచ్చినది. ఏర్పాటు మార్చిన తరువాత, ఆమె ముందు నుండి లాగిన్ అయియున్న బ్రౌజరులోనే లింకు తెరచుకొనెను. అప్పుడు సాయంకాలము ఐదున్నర. మూడు దోషములు ఒకదాని వెనుక ఒకటి దాగియుండి, ముందుదానిని తీసినగాని వెనుకది కనబడకపోవుట ఆనాడు ప్రత్యక్షముగా చూచితిమి.

పాత కంప్యూటర్లకు మాత్రమే వచ్చు జబ్బు ఒకటి చెప్పి విడిచెదము. వేసవి సెలవుల తరువాత ప్రయోగశాల తెరచినప్పుడు కొన్ని యంత్రములలో ఏ లింకు నొక్కినను ‘ఈ సంబంధము సురక్షితము కాదు’ అని వచ్చుచుండెను. లోపల నాణెమంత బ్యాటరీ ఒకటి యుండును. అది నీరసించినచో యంత్రము ఆగియున్నంత కాలము గడియారము నడువదు, తేదీ కొన్ని యేండ్లు వెనుకకు పోవును. సర్వరు ధ్రువపత్రము నేటినుండి చెల్లునని చెప్పుచుండగా, కంప్యూటరు తాను ఇంకను పాత సంవత్సరములోనే యున్నానని నమ్మి దానిని తిరస్కరించును. తేదీ సరిచేసిన వెంటనే పుటలు తెరచుకొన్నవి. బ్యాటరీలు మార్పించుటకు అయిన ఖర్చు స్వల్పము.

ఇంతవరకు లింకులను తెరచు మార్గములే చెప్పితిమి. తెరువకూడని లింకులు కూడ కలవు. ఉత్తరము జంక్ సంచిలో పడినప్పుడు ఔట్‌లుక్ వంటి ప్రోగ్రాములు కావలెననియే దానిలోని లింకులను నిర్జీవము చేయును. అది దోషము కాదు, కాపలా. తెరచుకొనలేదని పట్టుబట్టి దానిని బ్రౌజరులో అతికించుటకు ముందు ఆ చిరునామా ఎవరిదో చదువవలెను. దీనికొక ఉపాయము కలదు. ఇందులో ఉర్దూ విభాగమువారికి మనకంటె అభ్యాసమెక్కువ. రెండు వాలుగీతల తరువాత మొదలై, తరువాతి ఒంటి వాలుగీత వరకు ఉన్నది సైటు పేరు. దానిని కుడినుండి ఎడమకు చదువవలెను. యజమాని పేరు కుడికొసన ఉండును. ఎడమవైపు ఉన్నవన్నియు అతడు తన ఇష్టము వచ్చినట్లు పెట్టుకొనగల గదుల పేర్లు. ఎడమ కొసన ఉపకారవేతనము పేరు, ప్రభుత్వము పేరు ఎంత పెద్దగా ఉన్నను, కుడికొసన ముక్కు మొగము తెలియని పేరున్నచో అది ప్రభుత్వపు సైటు కాదు. కేంద్ర, రాష్ట్ర ప్రభుత్వముల సైట్లు సాధారణముగా ‘జిఒవి’ చుక్క ‘ఇన్’ అనియో, ‘ఎన్‌ఐసి’ చుక్క ‘ఇన్’ అనియో ముగియును. ఇట్టి వలలో పడి బ్యాంకు ఖాతా సొమ్ము పోగొట్టుకొన్నవారు ఆలస్యము చేయక 1930 అను జాతీయ సహాయ సంఖ్యకు ఫోను చేయవలెను. ఎంత త్వరగా తెలిపినచో సొమ్మును నిలుపుదల చేయుటకు అంత అవకాశము.

కార్యవర్గమువారికి మేము ఇచ్చిన నివేదికలో రెండు కోరికలు కూడ చేర్చితిమి. కార్యాలయమునుండి వెళ్లు ప్రతి ఉత్తరములోను చిరునామాను వాక్యములో కలుపక విడి పంక్తిలో పొట్టిగా వ్రాయవలెననునది ఒకటి. గడువున్న దరఖాస్తుల విషయములో లింకుతోబాటు ఫోను నంబరు కూడ ఇయ్యవలెననునది రెండవది. రెండును అంగీకరింపబడినవి. తెలుగు ఉత్తరములు అప్పటినుండి ఆ విధముగనే వచ్చుచున్నవి. గత నెలలో వచ్చిన ఉర్దూ ప్రకటనలో మాత్రము విడి పంక్తిలో చక్కగా వ్రాసిన చిరునామా చివర ఒక ఖత్మా మరల కనబడినది. దానిని మొదట కనిపెట్టి కార్యాలయమునకు పోయి చెప్పినది ఆ ప్రయోగశాల సహాయకుడే. మరునాడు దిద్దిన ప్రకటన వెళ్లినది.